పాఠకుల ప్రశ్నలు – జవాబులు: టవర్ ఇంటర్నెట్‌లో అప్‌లోడ్ ఎందుకు ఇంత నిదానం?

ఫైబర్ లైను రాని ఊళ్లలో సిమ్ వేసుకునే రౌటర్, లేదా డాబా మీద బిగించే 5జీ పెట్టె ఇంటి ఇంటర్నెట్‌గా స్థిరపడిపోయింది. దాని మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి ఫిర్యాదు ఒకటే: సినిమా ఆగకుండా నడుస్తుంది, కానీ మనం పంపేది మాత్రం కదలదు. వాటిలో కొన్నిటిని ఎంచుకుని ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరికి ఫైబర్ రాలేదు కనుక సిమ్ వేసే రౌటర్ కొనుక్కున్నాము. స్పీడ్ పరీక్షలో డౌన్‌లోడ్ 60 ఎంబీపీఎస్ దాకా చూపిస్తుంది, అప్‌లోడ్ మాత్రం 1 దగ్గరే ఆగిపోతుంది. మీటింగులో నాకు అందరూ కనిపిస్తారు, వాళ్లకు నా ముఖం బొమ్మలా నిలిచిపోతుంది. కంపెనీవాళ్లు కావాలనే అప్‌లోడ్ తగ్గించి ఇస్తున్నారా?
– ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట మండలం

జవాబు: కంపెనీ ప్లానులో అప్‌లోడ్‌కు పరిమితి ఉండవచ్చు, అది రసీదులోనో యాప్‌లోనో చూస్తే తెలిసిపోతుంది. అయితే మీరు చెప్పిన లక్షణాలను బట్టి కారణం అది కాదని నా అభిప్రాయం. డౌన్‌లోడ్ బాగుండి అప్‌లోడ్ ఒక్కటే చతికిలబడితే, మొదట అనుమానించవలసింది మీ రౌటర్ మాట టవర్ దాకా చేరుతున్న తీరును.

టవర్ మీది పరికరం పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. మీ ఇంట్లోని రౌటర్ గానీ ఫోన్ గానీ పంపగలిగే గరిష్ఠ శక్తి సాధారణంగా 0.2 వాట్లు, కొన్ని 5జీ పరికరాల్లో 0.4 వాట్లు. రామాలయం మైకులో చెప్పిన మాట ఊరి చివరి ఇంటికి స్పష్టంగా వినిపిస్తుంది కానీ, ఆ ఇంటివారు అక్కడి నుంచి వేసే కేక గుడి దాకా రాదు. ఇక్కడ జరుగుతున్నదీ అదే. దూరం పెరిగినా గోడలు అడ్డం వచ్చినా రౌటర్ తన శక్తిని పెంచుకుంటూ పోయి, గరిష్ఠానికి చేరిన తర్వాత ఇక చేయగలిగింది లేక వేగాన్ని తగ్గించుకుంటుంది. అందుకే సిగ్నల్ కొంచెం బలహీనపడిన ఇంట్లో ముందు దెబ్బతినేది అప్‌లోడే, డౌన్‌లోడ్ ఆ తర్వాత ఎప్పటికో గానీ తగ్గదు.

రెండో కారణం బ్యాండులో, అంటే టవర్, రౌటర్ మాట్లాడుకునే రేడియో పౌనఃపున్యాల పట్టీలో ఉంది. 4జీలో 2300 మెగాహెర్ట్జ్ బ్యాండు, 5జీలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న బ్యాండు ఒకే పౌనఃపున్యం మీద కొంతసేపు దించడానికి, కొంతసేపు ఎక్కించడానికి కాలాన్ని పంచుకుని పనిచేస్తాయి. జనం దించుకునేదే ఎక్కువ కనుక ఆ పంపకంలో పెద్ద వాటా డౌన్‌లోడ్‌కే వెళుతుంది. 2300 బ్యాండులో బాగా వాడుకలో ఉన్న అమరికలో ప్రతి 10 మిల్లీసెకన్లలో అప్‌లోడ్‌కు దక్కేవి 2 మాత్రమే. 850, 900, 1800, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో ఎక్కించడానికి విడిగా ఒక పౌనఃపున్యం ఉంటుంది కనుక అక్కడ ఇలాంటి కాలవిభజన లేదు. కాబట్టి డౌన్‌లోడ్ కొంచెం తగ్గినా ఫరవాలేదు, మీటింగు సాగితే చాలు అనుకునే మీలాంటివారికి 2300 బ్యాండు కన్నా 1800 బ్యాండు తరచుగా మేలు చేస్తుంది. సొంతంగా కొన్న రౌటర్లలో చాలావాటికి బ్యాండు ఎంచుకునే వీలు సెట్టింగుల్లోనే ఉంటుంది, కంపెనీ ఇచ్చిన పెట్టెల్లో మాత్రం దాన్ని సాధారణంగా మూసి ఉంచుతారు. రౌటర్ ఒకేసారి రెండు మూడు బ్యాండ్లను కలిపి వాడుతున్నా, అప్‌లోడ్ ఎక్కువగా వాటిలో ప్రధానమైన ఒక్క బ్యాండు మీదే సాగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

5జీ అని తెర మీద కనిపించినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. మన దేశంలో 5జీ సేవ 2022 అక్టోబరు 1న మొదలైనప్పుడు ఒక కంపెనీ పూర్తిగా విడి 5జీ నెట్‌వర్క్‌ను కట్టుకోగా, మరొకటి 4జీ మీద ఆనుకుని నడిచే పద్ధతిని ఎంచుకుంది. ఆనుకుని నడిచే పద్ధతిలో అప్‌లోడ్ చాలాసార్లు 4జీ మీదుగానే పోతుంది కాబట్టి అక్కడ 4జీ సిగ్నల్ బాగుండటమే ముఖ్యం.

ఇక మీరు చేయవలసినవి. ముందుగా వైఫైని పక్కకు తప్పించి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి పరీక్షించండి. వేగం ఒక్కసారిగా పెరిగితే తప్పు టవర్‌ది కాదు, మీ ఇంటి గోడలదే. పరీక్షించేటప్పుడు ఇంట్లోని ఫోన్లన్నిటిలో ఫోటోలను దాచే బ్యాకప్ ఆపివేయండి. పెళ్లికి వెళ్లివచ్చిన మర్నాడు అప్‌లోడ్ పూర్తిగా పడకేసిందంటే దానికి కారణం సాధారణంగా ఈ బ్యాకప్పే.

తర్వాత బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరవండి. దాని చిరునామా, పాస్‌వర్డు పెట్టె అడుగున అతికించిన కాగితం మీద ఉంటాయి. అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ అనే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది సిగ్నల్ బలం, మైనస్ గుర్తుతో ఉంటుంది: మైనస్ 80, అంతకన్నా సున్నాకు దగ్గరగా ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 100 దాటితే బలహీనం, మైనస్ 110 దాటితే అప్‌లోడ్ మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. రెండోది సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెబుతుంది. 20 దాటితే శ్రేష్ఠం, 10 పైన ఉంటే పని జరుగుతుంది, సున్నాకు దిగితే పక్క టవర్ల సందడిలో మీ టవర్ మాట రౌటర్‌కు సరిగా వినిపించడం లేదన్నమాట. ఫోన్‌లో కనిపించే గీతలను నమ్మవద్దు, అవి ఈ రెండో సంగతిని దాదాపుగా చెప్పవు.

ఈ అంకెలను చూస్తూ రౌటర్‌ను ఇల్లంతా తిప్పండి. పెట్టిన ప్రతిచోటా రెండు మూడు నిమిషాలు ఆగి అంకెలు రాసుకోండి. టీవీ పక్కన, ఇనుప బీరువా మీద, ఫ్రిజ్ వెనుక పెట్టిన రౌటర్‌ను టవర్ వైపున్న కిటికీకి మార్చితేనే పది పన్నెండు డెసిబెల్స్ తేడా రావచ్చు. మూడు డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపు అయినట్టే కనుక, పది పెరిగితే పది రెట్లు. మేడ మీద మెట్ల గది ఉంటే అన్నిటికన్నా అదే మంచి చోటు. రౌటర్‌ను అక్కడ పెట్టి, నెట్‌వర్క్ కేబుల్‌ను కిందికి దించి, కింద మామూలు వైఫై పెట్టెను కలుపుకోండి. రేకుల ఇల్లయితే రౌటర్ రేకుల కింద కాక కిటికీ దగ్గర ఉండి తీరాలి, ఇనుప రేకు సిగ్నల్‌ను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

ఇవన్నీ చేసినా అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ దాటలేదనుకోండి, అప్పటికీ మీటింగు నడుస్తుంది. మామూలు నాణ్యత గల వీడియోకు 1 ఎంబీపీఎస్ లోపే సరిపోతుంది, మాటకు అందులో పదో వంతు చాలు. మీటింగు యాప్‌లో హెచ్‌డీ ఆపివేయండి. అసలు ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, అదే సమయంలో మరొకరు ఒక పెద్ద ఫైలు పంపితే అది రౌటర్‌లో బారులు తీరి, దాని వెనుక మీ మాట కూడా నిలబడిపోతుంది. కొన్ని రౌటర్లలో స్మార్ట్ క్యూ అనే ఏర్పాటు ఉంటుంది. మీకు నిలకడగా వచ్చే అప్‌లోడ్ వేగంలో 85 నుంచి 90 శాతాన్ని అందులో గరిష్ఠంగా నిర్ణయిస్తే, మొత్తం వేగం కొంచెం తగ్గినా మాట తెగకుండా పోతుంది. నా దృష్టిలో ఇంటి నుంచి పని చేసేవారికి అప్‌లోడ్ అంకె పెరగడం కన్నా ఈ నిలకడే ఎక్కువ విలువైనది.

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. ఒక వైపు కొండ అడ్డం. మేడ మీద యాంటెన్నా బిగిస్తే అప్‌లోడ్ పెరుగుతుందని దుకాణంలో చెప్పి, యాంటెన్నాతో పాటు 15 మీటర్ల కేబుల్ కూడా ఇచ్చారు. బిగించాక డౌన్‌లోడ్ కొంచెం పెరిగింది, అప్‌లోడ్ ఉన్నది కూడా తగ్గింది. ఎందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పు యాంటెన్నాది కాక కేబుల్‌ది అయ్యే అవకాశమే ఎక్కువ. దుకాణాల్లో తరచుగా ఇచ్చే సన్న రకం కేబుల్‌లో 2300 మెగాహెర్ట్జ్ దగ్గర పది మీటర్లకే సగానికి పైగా శక్తి వేడిగా పోతుంది. రౌటర్ దగ్గర ఉన్నది 0.2 వాట్లే అని పై జవాబులో చెప్పాను. అందులో సగం పైగా మేడ ఎక్కే దారిలోనే ఖర్చయిపోతే యాంటెన్నా పెంచి ఇచ్చేది ఆ నష్టాన్ని పూడ్చడానికే చాలదు. ఇక డౌన్‌లోడ్ విషయంలో టవర్ నుంచి వచ్చే సిగ్నల్‌కు గోడల అడ్డు తప్పింది కనుక అక్కడ కొంత లాభం కనిపించింది.

ఇంకొక సంగతి చూడండి. రౌటర్ వెనుక యాంటెన్నాకు రెండు రంధ్రాలు ఉంటే, చాలా రౌటర్లు రెండిటితోనూ వింటాయి కానీ, ఒకదానితోనే పంపుతాయి. ఆ పంపేది సాధారణంగా మెయిన్ అని రాసి ఉన్నదే. మీరు ఒకే కేబుల్‌ను రెండో దానికి తగిలించి ఉంటే అప్‌లోడ్ అంతా ఇంకా ఇంట్లోని చిన్న యాంటెన్నా నుంచే పోతూ ఉంటుంది. రెండు యాంటెన్నాలు పెట్టేటట్లయితే ఒకదాన్ని కుడికి 45 డిగ్రీలు, మరొకదాన్ని ఎడమకు 45 డిగ్రీలు వంచి బిగించాలి. రెండూ ఒకే తీరున నిలబెడితే రెండోదానితో పెద్దగా లాభం ఉండదు.

పొడవైన యాంటెన్నా కేబుల్ కన్నా, రౌటర్‌నే పైకి ఎక్కించడం మంచి పద్ధతి. వాన తట్టుకునేటట్లు తయారుచేసిన బయటి రౌటర్లు దొరుకుతాయి. వాటికి కరెంటు, ఇంటర్నెట్ రెండూ ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో పోతాయి, ఆ కేబుల్ 100 మీటర్ల దాకా ఉన్నా సిగ్నల్‌కు నష్టం లేదు. కొనేటప్పుడు అసలు రాగి తీగ కేబుల్ అడిగి తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక రకం దూరం పెరిగేకొద్దీ కరెంటును సరిగా అందించదు.

కొండ సంగతికి వస్తే, 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ పౌనఃపున్యాలు కొండ అంచు మీదుగా కొంత వంగి దిగుతాయి, 3300 పైన ఉన్న 5జీ బ్యాండు అలా వంగడం చాలా తక్కువ. కాబట్టి కొండ వెనుకనున్న దగ్గరి టవర్ వైపు యాంటెన్నాను తిప్పి కూర్చోవడం కన్నా, అడ్డు లేకుండా కనిపించే దిక్కులో కొంచెం దూరాన ఉన్న టవర్ వైపు తిప్పి చూడండి. మీ చుట్టుపక్కల టవర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ 2017లో ప్రారంభించిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో పటం మీద కనిపిస్తాయి. యాంటెన్నాను కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒకరు కింద రౌటర్ పేజీలో ఎస్‌ఐఎన్‌ఆర్ చదువుతూ ఉంటే, అది ఎక్కడ ఎక్కువగా నిలుస్తుందో అక్కడ బిగించండి. మేడ మీది ఇనుప స్తంభానికి ఎర్త్ తప్పకుండా వేయించండి, కొండ కింది ఊళ్లలో పిడుగుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మాకు చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఉంది. పలకల ఫోటోలు, వీడియోలు కొనేవారికి వెంటనే పంపాలి. ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్లు తక్కువ ధరకు అమ్ముతున్నారు. పెట్టుకోవచ్చా?
– ఒక వ్యాపారి

జవాబు: పెట్టుకోకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటి రిపీటర్‌ను అమ్మడం, కొనడం, వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. శాఖలోని వైర్‌లెస్ మానిటరింగ్ విభాగం వాటిని పసిగట్టి స్వాధీనం చేసుకుంటుంది. చట్టం మాట అటుంచి సాంకేతికంగా చూసినా, ఈ చవక బూస్టర్లు మీ సిగ్నల్‌తో పాటు గోలను కూడా పెంచి టవర్ మీద కుమ్మరిస్తాయి. ఆ గోలలో టవర్‌కు ఎవరి మాటా సరిగా వినిపించదు, అంటే ఆ టవర్ కింద ఉన్న అందరి అప్‌లోడ్ పడిపోతుంది. మీ ఊరిలో హఠాత్తుగా అందరికీ అప్‌లోడ్ తగ్గి ఉంటే ఏదో ఒక మేడ మీద ఇలాంటి పెట్టె ఉందేమో కూడా కంపెనీవారిని విచారించమనండి.

మీ పనికి ఫైళ్లను చిన్నవి చేసుకోవడమే సులువైన దారి. 500 ఎంబీ వీడియో 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద పోవడానికి దాదాపు 33 నిమిషాలు పడుతుంది. ఎంబీకి, ఎంబీపీఎస్‌లోని మెగాబిట్‌కు మధ్య ఎనిమిది రెట్ల తేడా ఉంటుంది కనుక ఈ లెక్కలో చాలామంది పొరపడతారు. అదే వీడియోను ఫోన్‌లో 4కేలో కాక 1080 నాణ్యతలో తీస్తే ఫైలు చాలా చిన్నదవుతుంది, పలక మీది మెరుపు మచ్చలు అప్పటికీ చక్కగా కనిపిస్తాయి.

ప్రశ్న: అల్లూరు మండలంలో మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. కాపలాకు నాలుగు కెమెరాలు, మోటారు షెడ్డులో సిమ్ రౌటర్ పెట్టాము. ఇంటి నుంచి చూస్తే బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తుంది.
– ఒక రైతు

జవాబు: ఒక్కో కెమెరా 1080 నాణ్యత వీడియోను పాత హెచ్.264 పద్ధతిలో కుదించి పంపితే దాదాపు 2 నుంచి 4 ఎంబీపీఎస్ అడుగుతుంది. నాలుగు కెమెరాలకు తక్కువలో తక్కువ 8 కావాలి, అది నిరంతరంగా. సిమ్ రౌటర్ మీద ఇది నిలవదు. కెమెరా సెట్టింగుల్లో హెచ్.265 ఎంచుకుంటే దాదాపు సగం అవుతుంది, సెకనుకు 25 ఫ్రేములను 10కి తగ్గిస్తే ఇంకా తగ్గుతుంది. చెరువు గట్టు మీద నడిచే మనిషిని గుర్తుపట్టడానికి పది ఫ్రేములు చాలు. అసలు రికార్డింగును కెమెరాలోని మెమరీ కార్డులోనే ఉంచి, ఫోన్‌లో చూడటానికి సబ్‌స్ట్రీమ్ అనే చిన్న బొమ్మను పంపమనండి, మనిషి కదిలినప్పుడే హెచ్చరిక రావాలని పెట్టుకోండి.

సిమ్ ఇంటర్నెట్‌లో మీకు విడిగా ఒక పబ్లిక్ చిరునామా, అంటే బయటి నుంచి నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ చిరునామా, సాధారణంగా ఇవ్వరు, అందువల్ల కెమెరాకు బయటి నుంచి నేరుగా దారి తెరిచే పాత పద్ధతి పనిచేయదు. కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూడటమే మార్గం. రౌటర్‌ను ఇనుప రేకుల షెడ్డు లోపల కాక, దాని బయట గోడకు వాన తగలని పెట్టెలో పెట్టండి. ఉప్పు గాలికి తీగ చివరలు త్వరగా తుప్పు పడతాయి కనుక ప్రతి అతుకుకూ రబ్బరు టేపు చుట్టి, ఏడాదికి ఒకసారి విప్పి చూసుకోవాలి.

ప్రశ్న: మాది కొత్తపట్నం. వేసవిలో కొన్ని రోజులు తెల్లవారుజామున సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా అప్‌లోడ్ పూర్తిగా పోతుంది, ఎండ ఎక్కాక తిరిగి వస్తుంది. ఆ వేళ వాడేవారు కూడా తక్కువే కదా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మంచి పరిశీలన. సముద్రతీరంలో గాలి ఆగి ఉన్న రాత్రులు, తెల్లవారుజాములలో నేలకు దగ్గరగా తేమ గాలి పొర, దాని మీద వెచ్చని పొడి గాలి పొర ఏర్పడితే రేడియో తరంగాలు పైకి పోకుండా ఆ పొరల మధ్యనే చాలా దూరం, ఒక్కోసారి వంద కిలోమీటర్లకు పైగా పయనిస్తాయి. కాలాన్ని పంచుకునే బ్యాండ్లలో టవర్లన్నీ ఒకేసారి పంపి, ఒకేసారి వినే ఏర్పాటు ఉంటుంది. దూరపు టవర్ పంపిన సిగ్నల్ ఆలస్యంగా, సరిగ్గా మీ టవర్ వినే సమయానికి వచ్చి పడితే, మీ రౌటర్ మాట దానికి వినిపించదు. డౌన్‌లోడ్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఎండ ఎక్కి గాలి కలిసిపోగానే ఆ పొర చెదిరిపోతుంది. ఇది మీ ఇంట్లో బాగుచేయగలిగింది కాదు. 1800 లేదా 850 లాంటి విడి పౌనఃపున్యాల బ్యాండుకు మారితే ఈ రకం ఇబ్బంది దాదాపు ఉండదు. అది వీలుకాకపోతే ఏయే రోజుల్లో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా వస్తుందో రాసి కంపెనీకి ఇవ్వండి. టవర్ వైపు దీనికి సవరణలు చేసే పద్ధతులు వారికి ఉన్నాయి.

ప్రశ్న: ఫిర్యాదు చేస్తే “మీ ఏరియాలో నెట్‌వర్క్ బాగుంది” అని చెప్పి మూసేస్తున్నారు. ఏం చేయాలి? ఫైబర్‌కు మారడమే మేలా?
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: “నెట్ స్లోగా ఉంది” అని చెబితే అలాంటి జవాబే వస్తుంది. 198కి ఫోన్ చేసి, అప్‌లోడ్ ఎంత, ఏ వేళల్లో, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ ఎంత, రౌటర్ పేజీలో కనిపించే సెల్ ఐడీ (మీకు సిగ్నల్ ఇస్తున్న టవర్ భాగాన్ని గుర్తించే సంఖ్య) ఎంత అన్నది చెప్పి, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు సంఖ్య, రాసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో ఉదయం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి కొలిచిన ఫలితాలు చేతిలో ఉంచుకోండి. ఉదయం బాగుండి రాత్రి పడిపోతే టవర్ మీద రద్దీ అని, రెండు వేళలా ఒకేలా తక్కువగా ఉంటే సిగ్నల్ దారి బాగోలేదని వారికీ మీకూ తెలుస్తుంది. జవాబు తృప్తిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి, అంటే పై స్థాయిలో ఫిర్యాదులు వినేవారికి, డాకెట్ నంబరుతో రాయవచ్చు.

ఫైబర్ విషయంలో సందేహం లేదు. మీ వీధికి బీఎస్‌ఎన్‌ఎల్, ఏపీ ఫైబర్‌నెట్, లేదా స్థానిక కేబుల్ ఆపరేటర్ ఫైబర్ వస్తుంటే అప్‌లోడ్ అవసరం ఉన్నవారు దానికే మారాలి. గాలిలో పోయే సిగ్నల్‌కు ఉన్న ఈ ఇబ్బందులేవీ గాజు తీగకు లేవు. అయితే డబ్బు కట్టే ముందు ప్లానులో అప్‌లోడ్ వేగం ఎంతో విడిగా అడిగి, అదే ఆపరేటర్ లైను ఉన్న పక్కింటిలో రాత్రి వేళ ఒకసారి కొలిచి చూడండి. ఇప్పటి సిమ్ రౌటర్‌ను అమ్మేయకండి, స్తంభం మీద ఫైబర్ తెగిన రోజున చిన్న రీఛార్జితో ఆ రౌటరే మీ ఆన్‌లైన్ పరీక్ష రాయించి పెడుతుంది.